పీహెచ్‌డీ చివరి ఏడాదిలో పోస్ట్‌డాక్ ప్రయత్నం: ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంజినీరింగ్ వాళ్లకు సమగ్ర మార్గదర్శి

"పీహెచ్‌డీ అయిపోవచ్చింది కదా, మరి ఉద్యోగం ఎప్పుడు?" అని ఇంట్లో అడుగుతారు. పోస్ట్‌డాక్‌కి వెళ్తున్నానంటే "ఇంకా చదువా?" అని నిట్టూరుస్తారు. ముందు ఇంట్లోవాళ్లకు ఇది అర్థమయ్యేలా చెప్పండి. పోస్ట్‌డాక్‌లో పరీక్షలుండవు, డిగ్రీ ఇవ్వరు. ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో, సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లు, జీతమో ఫెలోషిప్పో తీసుకుని పరిశోధన చేసే ఉద్యోగం అది. గడువు ఉన్న ఉద్యోగం కాబట్టి దాన్ని వెతకడంలోనూ ఒక పద్ధతి ఉండాలి.

నేను థిన్ ఫిల్మ్స్ (అతి పలుచని పొరలు) మీద ఎక్స్‌పెరిమెంటల్ ఫిజిక్స్ చేశాను. పోస్ట్‌డాక్ వెతికిన రోజుల్లో నాకు ఎవరూ చెప్పని విషయాలు చాలా ఉన్నాయి. వాటి వల్ల ఎనిమిది నెలలు పోయాయి. జూనియర్లు అడిగినప్పుడల్లా విడివిడిగా చెబుతూ వచ్చినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఒక్క మాట మొదటి నుంచి చివరి దాకా గుర్తుంచుకోండి. మీరు ఎవరికి మెయిల్ రాసినా, ఏ ఫారం నింపినా, చదివేవాళ్ల మనసులో ఉండే ప్రశ్న ఒకటే: "ఈ మనిషి వస్తే మా ల్యాబ్‌లో ఇప్పుడు జరగని పని ఏం జరుగుతుంది?" కింద చెప్పే పనుల్లో చాలావరకు ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవడానికే.

1. అసలు మీకు పోస్ట్‌డాక్ అవసరమా?

ఐఐటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్ 1కి పీహెచ్‌డీ తర్వాత కనీసం మూడేళ్ల అనుభవం అడుగుతారు. అంతకంటే తక్కువుంటే గ్రేడ్ 2లో కాంట్రాక్టు పద్ధతిన తీసుకోవచ్చు. ఐసర్‌లు, టీఐఎఫ్ఆర్, ఐఐఎస్‌సీ లాంటి పరిశోధన సంస్థల్లో మంచి పోస్ట్‌డాక్ లేకుండా షార్ట్‌లిస్టులోకి రావడం కష్టం. లక్ష్యం అదైతే ముందుకు చదవండి. సెమీకండక్టర్, బ్యాటరీ, ఫార్మా కంపెనీల్లో పరిశోధన చేయాలనుకునే ఇంజినీరింగ్, కెమిస్ట్రీ వాళ్లలో చాలామందికి పోస్ట్‌డాక్ అక్కర్లేదు. నేరుగా వెళ్లిపోవచ్చు. ఏం చేయాలో తోచక, ల్యాబ్ వదిలి బయటికి రావడానికి భయపడి పోస్ట్‌డాక్‌కి వెళ్లకండి. రెండేళ్ల తర్వాత అదే భయం ఇంకా పెద్దదై ఎదురుగా నిలబడుతుంది.

2. క్యాలెండర్‌ను వెనక నుంచి లెక్కపెట్టండి

మన దగ్గర చాలామంది థీసిస్ సబ్మిట్ చేశాక వెతకడం మొదలుపెడతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. సబ్మిషన్‌కు పన్నెండు నెలల ముందు మొదలుపెట్టాలి.

ఎందుకంటే ఒక్కో దేశానికీ, ఒక్కో సబ్జెక్టుకూ ఒక సీజన్ ఉంది. థియరీ ఫిజిక్స్, ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ల దరఖాస్తులు ఎక్కువగా సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్యే జరుగుతాయి. చేరేది మరుసటి ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఆస్ట్రానమీలో ఫిబ్రవరి 15కి ముందే జవాబు చెప్పమని అభ్యర్థిని ఒత్తిడి పెట్టకూడదన్న ఒప్పందం కూడా ఉంది. ఎక్స్‌పెరిమెంటల్ ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంజినీరింగ్‌లలో ఇలాంటి సీజన్ లేదు. ప్రొఫెసర్‌కు గ్రాంటు (పరిశోధన నిధి) వచ్చినప్పుడే ఖాళీ వస్తుంది. ప్రకటన పడిన మూడు వారాల్లో అయిపోవచ్చు, అసలు ప్రకటనే పడకుండానూ భర్తీ కావచ్చు. యూరప్ మేరీ క్యూరీ ఫెలోషిప్ గడువు ఏటా సెప్టెంబరు రెండో వారం ప్రాంతంలో ఉంటుంది. ఫలితం ఫిబ్రవరిలో వస్తుంది. అంటే ప్రపోజల్ రాయడం మొదలైన రోజు నుంచి అక్కడ అడుగుపెట్టే రోజు దాకా సుమారు ఏడాది.

దీనికి తోడు మన వైవా. థీసిస్ ఇచ్చాక ఎగ్జామినర్ల రిపోర్టులు రావడానికి కొన్ని యూనివర్సిటీల్లో మూడు నెలలు, కొన్నిచోట్ల ఎనిమిది నెలలు, ఇంకొన్నిచోట్ల ఏడాది కూడా పడుతుంది. ఈ లోపల ఆఫర్ వస్తే ప్రొవిజనల్ సర్టిఫికెట్ లేక చేతిలోంచి జారిపోయిన సందర్భాలు నేను దగ్గరుండి చూశాను. మీ డిపార్ట్‌మెంటులో గత రెండేళ్లలో వైవా అయినవాళ్లను అడిగి, సబ్మిషన్ నుంచి ప్రొవిజనల్ దాకా ఎన్ని రోజులు పట్టిందో రాసుకోండి. చేరే తేదీ అడిగినప్పుడు ఆ లెక్క ప్రకారమే చెప్పండి.

చాలా ఫెలోషిప్పులకు వయసుతో పని లేదు, పీహెచ్‌డీ వచ్చి ఎన్నేళ్లైందన్నదే లెక్క. డిగ్రీ వచ్చిన రోజు నుంచి గడియారం నడుస్తుంది. ప్రసవం, పిల్లల పెంపకం కోసం ఆగిన కాలాన్ని చాలాచోట్ల ఆ లెక్కలోంచి తీసేస్తారు. ఆడపిల్లలు ఈ వెసులుబాటును తప్పకుండా అడగాలి. మొహమాటపడి వదిలేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

3. పేరును సరిచేసుకోండి

ఇది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. మన ఇంటిపేరు ముందు వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడిగా ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. మొదటి పేపరులో "కె. వెంకట రమణ", రెండో దాంట్లో "వి. ఆర్. కొత్తపల్లి", మూడో దాంట్లో "రమణ కె. వి.". ఇవి ముగ్గురు వేర్వేరు మనుషుల పేపర్లు అనుకుంటాయి డేటాబేసులు. అవతలి ప్రొఫెసర్ గూగుల్ స్కాలర్‌లో వెతికితే రెండు పేపర్లు కనిపిస్తాయి, మీ సీవీలో ఆరు ఉంటాయి. అనుమానం అక్కడే పుడుతుంది.

ఆర్కిడ్ ఐడీ (పరిశోధకుడికి ఒక్కటే ఉండే గుర్తింపు సంఖ్య) ఉచితంగా తీసుకుని అన్ని పేపర్లూ దానికి కలపండి. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ తెరిచి మీవి కాని పేపర్లు తీసేయండి. ఇకమీదట పేపర్లలో పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాయండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే వీసా దరఖాస్తుల్లో చిక్కులొస్తాయి, ఇప్పుడే సరిచేయించుకోండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకోవాలా అన్న ప్రశ్న ఉన్నవాళ్లు పేపర్ల మీద పాత పేరునే కొనసాగించడం మేలని నా అభిప్రాయం.

4. మీ చేతుల్లో ఏముందో కాగితం మీద పెట్టండి

ఒక సాయంత్రం కూర్చుని ఒక పేజీ రాయండి. థీసిస్ టైటిల్ పక్కన పెట్టేయండి, మీ చేతులకు వచ్చిన పనులు రాయండి. నా పేజీ ఇలా ఉండేది: పల్స్‌డ్ లేజర్ డిపోజిషన్‌తో ఆక్సైడ్ పొరలు పెంచడం, ఛాంబర్‌లో లీకు ఎక్కడుందో హీలియం డిటెక్టర్‌తో పట్టుకోవడం, ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో రెసిప్రోకల్ స్పేస్ మ్యాప్ తీసి పొరలో స్ట్రెయిన్ (సాగుదల) లెక్కగట్టడం, నాలుగు కెల్విన్ దాకా రెసిస్టివిటీ కొలవడం, ఆ కొలతలకు పైథాన్‌లో కోడ్ రాయడం.

కెమిస్ట్రీ వాళ్లైతే గాలి తగలకూడని రియాక్షన్లు ష్లెంక్ లైన్ మీద చేయగలరా, గ్లవ్‌బాక్స్ నిర్వహించారా, సింగిల్ క్రిస్టల్ స్ట్రక్చర్ సొంతంగా సాల్వ్ చేయగలరా అన్నవి రాయాలి. కంప్యూటేషనల్ వాళ్లు కోడ్ పేరు రాసి ఊరుకుంటే చాలదు. మెటీరియల్స్ లెక్కల సాఫ్ట్‌వేర్ వాస్ప్ వాడటం చాలామందికి వచ్చు. అందులో ఏ రకం లెక్క, ఎన్ని పరమాణువుల సిస్టం, ఏ కష్టం దాటారో రాయాలి. ఇంజినీరింగ్ వాళ్లు కట్టిన రిగ్ (ప్రయోగ పరికరం), దాని కొలతలు, ఎంత ఖచ్చితత్వం సాధించారో రాయాలి. లీకు పట్టుకోవడం వచ్చన్న సంగతి నేను మొదట్లో సీవీలో పెట్టలేదు, చిన్న పని అనుకున్నాను. తర్వాత నా ఇంటర్వ్యూలో పావుగంట మాట్లాడింది దాని గురించే.

5. ల్యాబుల జాబితా: గ్రాంటు ఎక్కడ వచ్చిందో వెతకండి

ర్యాంకింగు చూసి పెద్ద యూనివర్సిటీల పేర్లు రాసుకోవడం వృథా. పోస్ట్‌డాక్ జీతం చాలాసార్లు యూనివర్సిటీ ఇవ్వదు, ప్రొఫెసర్ గ్రాంటులోంచి వస్తుంది. అందుకే కొత్తగా గ్రాంటు వచ్చినవాళ్లను వెతకాలి. ఈ సమాచారం దాచిపెట్టినది కాదు, అందరికీ తెరిచి ఉంది. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ గ్రాంట్లు ఎవరికి వచ్చాయో ఏటా ప్రకటిస్తారు. స్టార్టింగ్ గ్రాంటు ఒక్కటే అయిదేళ్లకు 15 లక్షల యూరోల దాకా ఉంటుంది. అది అందుకున్న యువ ప్రొఫెసర్ ఆ ఏడాదే మనుషుల కోసం వెతుకుతుంటారు. యూరప్ ప్రాజెక్టులన్నీ కార్డిస్ డేటాబేసులో, జర్మనీవి గెప్రిస్‌లో, అమెరికావి ఎన్‌ఎస్‌ఎఫ్ అవార్డ్ సెర్చ్‌లో, జపాన్‌వి కాకెన్‌లో కనిపిస్తాయి. మీ సబ్జెక్టు మాటలు అక్కడ టైప్ చేసి, గత ఏడాదిన్నరలో మొదలైన ప్రాజెక్టుల సారాంశాలు చదవండి. ఆ సారాంశంలోనే వాళ్లకు ఏ నైపుణ్యం కావాలో తెలిసిపోతుంది.

ప్రకటనల కోసం యూరాక్సెస్, నేచర్ కెరీర్స్, బ్రిటన్‌కు జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే, థియరీ వాళ్లకు అకడమిక్ జాబ్స్ ఆన్‌లైన్, హై ఎనర్జీ ఫిజిక్స్‌కు ఇన్‌స్పైర్ జాబ్స్ పేజీ చూడండి. జెనీవా దగ్గరి పార్టికల్ ఫిజిక్స్ పరిశోధన కేంద్రం సెర్న్‌లో భారతదేశం 2017 జనవరి నుంచి అసోసియేట్ సభ్య దేశం. అక్కడి నిర్ణీత కాల ఉద్యోగాలకు మనవాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది తెలియని పార్టికల్ ఫిజిక్స్ విద్యార్థులు ఇప్పటికీ ఉన్నారు.

మన దగ్గరి చోట్లను తక్కువగా చూడకండి. హైదరాబాద్‌లో తార్నాక ఐఐసీటీ (కెమిస్ట్రీ పరిశోధన సంస్థ), గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ, గోపనపల్లి టీఐఎఫ్ఆర్, బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ (మెటీరియల్స్ పరిశోధన సంస్థ), కంది ఐఐటీ, తిరుపతిలో ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. వైవా అవ్వక ఆగిపోయిన నెలల్లో ఇలాంటి చోట ప్రాజెక్టు రీసెర్చ్ అసోసియేట్‌గా చేరి, అక్కడి నుంచే విదేశీ ప్రయత్నం చేయడం మంచి పద్ధతి.

జాబితాలో పాతిక పేర్లు చాలు. ఒక్కో పేరు ఎదురుగా మూడు విషయాలు రాయండి: గత రెండేళ్లలో వాళ్ల పేపర్లలో మీరు నిజంగా చదివినది, అందులో మీరు చేయగల తర్వాతి పని, వాళ్ల పాత పోస్ట్‌డాక్‌లు ఇప్పుడు ఎక్కడున్నారు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. గ్రూప్ వెబ్‌సైటులో "మాజీ సభ్యులు" పేజీ ఉంటుంది. గత ఆరుగురిలో నలుగురు మంచి స్థానాల్లో ఉంటే ఆ ప్రొఫెసర్ మనుషుల్ని పైకి తెస్తారని అర్థం. ఆ పేజీయే లేకపోయినా, అందరూ ఎనిమిది నెలల్లో వెళ్లిపోయినట్టు కనిపించినా జాగ్రత్త పడండి.

6. ఈమెయిల్

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నేను మొదట అరవై మందికి ఒకే మెయిల్ పంపాను. "రెస్పెక్టెడ్ సర్, ఐయామ్ వెరీ మచ్ ఇంటరెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ గ్రూప్" అని మొదలై, నా ఊరు, యూనివర్సిటీ, పేపర్ల సంఖ్య, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల మొత్తం, "కష్టపడి పనిచేస్తాను" అన్న హామీ. రెండు జవాబులు వచ్చాయి, రెండూ "ఖాళీల్లేవు" అనే. అరవైమందిలో ఇద్దరు ఆడవాళ్లు, వాళ్లకూ "సర్" అనే వెళ్లింది. ఆ తప్పుకు ఇప్పటికీ బాధపడతాను.

తర్వాత పద్ధతి మార్చాను. వారానికి మూడే మెయిళ్లు. ఒక్కోదానికీ రెండు రోజులు. మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తాం కాబట్టి దాని సారం తెలుగులో చెబుతాను.

సబ్జెక్టు లైను: పోస్ట్‌డాక్ విచారణ, ఆక్సైడ్ పొరల్లో స్ట్రెయిన్ కొలత, జూలై నుంచి.

"ప్రొఫెసర్ ఫలానా గారికి, నికెలేట్ పొరల మీద మీరు ఈ ఏడాది ప్రచురించిన పేపరులో నాలుగో బొమ్మ చూశాను. మందం పెరిగేకొద్దీ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత తగ్గడానికి స్ట్రెయిన్ సడలడం కారణమా, ఆక్సిజన్ ఖాళీలు కారణమా అన్నది తేలలేదని మీరే రాశారు. నా థీసిస్‌లో మరో ఆక్సైడ్‌లో ఈ రెండింటినీ విడదీసే పని చేశాను. ఒకే పొరను వేర్వేరు ఆక్సిజన్ ఒత్తిడిలో అనీల్ చేసి, ప్రతిసారీ రెసిప్రోకల్ స్పేస్ మ్యాప్ తీశాను. ఆ పేపరు జతచేశాను. మీ పొరల మీద ఇదే చేయడానికి ఏం కావాలో అరపేజీ నోటు కూడా ఉంది. థీసిస్ మార్చిలో ఇస్తాను. మీ గ్రూపులో అవకాశం ఉంటే, లేదా మీ ఆతిథ్యంలో హుంబోల్ట్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయడానికి మీకు ఆసక్తి ఉంటే, ఇరవై నిమిషాలు మాట్లాడగలను."

అంతే. నూట యాభై మాటలు దాటలేదు. పొగడ్త లేదు, బతిమాలడం లేదు. ఆ ప్రొఫెసర్ మనసులో ఉన్న ప్రశ్నకు మూడో వాక్యంలోనే జవాబు మొదలైంది. చివరి మాట చూడండి: హుంబోల్ట్ జర్మనీ ఇచ్చే ఫెలోషిప్, అంటే డబ్బు మీరే తెచ్చుకునే దారి ఒకటి చూపించారు. గ్రాంటు లేని ప్రొఫెసర్ కూడా ఆ మాట దగ్గర ఆగుతారు. ఈ పద్ధతిలో పదకొండు మెయిళ్లు పంపితే అయిదు జవాబులు వచ్చాయి, వాటిలో మూడు మాట్లాడుకునే దాకా వెళ్లాయి.

కొన్ని చిన్న జాగ్రత్తలు. పంపే ముందు పేరు స్పెల్లింగ్ మూడుసార్లు చూడండి. సీవీ, ఒక పేపరు, ఆ నోటు, మూడూ ఒకే పీడీఎఫ్‌గా, మీ పేరుతోనే ఫైలు. ఇరవై ఎంబీ థీసిస్ పంపకండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు లైన్లతో ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. ఆగస్టులో యూరప్‌లో సెలవులు, ఆ నెలలో పంపినవి అడుగున పడిపోతాయి. ఒకే డిపార్ట్‌మెంటులో ఇద్దరికి ఒకేసారి రాయకండి, వాళ్లు కలిసే టీ తాగుతారు.

7. సీవీ, రీసెర్చ్ స్టేట్‌మెంట్, సిఫారసు లేఖలు

సీవీలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, పెళ్లి వివరాలు, "నాకు తెలిసినంతవరకు పైవన్నీ నిజం" అన్న డిక్లరేషన్ విదేశాలకు అక్కర్లేదు. తీసేయండి. పేపర్లలో అచ్చయినవి, రివ్యూలో ఉన్నవి, రాస్తున్నవి విడివిడిగా పెట్టండి. రాస్తున్నదాన్ని రివ్యూలో ఉందని చూపిస్తే పట్టుబడతారు. ప్రతి పేపరు కింద అందులో మీ వంతు ఏమిటో ఒక్క లైను రాయండి. పదిమంది పేర్లున్న పేపరుకు ఆ లైను ప్రాణం లాంటిది.

రీసెర్చ్ స్టేట్‌మెంటులో సగం చేసినది, సగం చేయబోయేది ఉండాలి. చేయబోయేదాంట్లో మొదటి ఆరు నెలల్లో ఏ కొలత తీస్తారు, అది అనుకున్నట్టు రాకపోతే ఏం చేస్తారు అన్నవి రాయండి. ఆ రెండో మాట రాసినవాళ్లు తక్కువ, దాన్ని చదివేవాళ్లు తప్పకుండా గమనిస్తారు.

ఇక సిఫారసు లేఖలు. సాధారణంగా మూడు. మన దగ్గర ఒక అలవాటు ఉంది: "నువ్వే డ్రాఫ్టు రాసుకురా, సంతకం పెడతాను" అంటారు గైడ్. అలా రాసుకున్న లేఖలు మూడూ ఒకే గొంతుతో, "సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, ఒబీడియెంట్" అన్న మూడు మాటలతో వెళ్తాయి. వినయంగా ఉంటారని రాయడం అక్కడ మెప్పు కిందకు రాదు, సొంత ఆలోచన లేదేమో అనుకుంటారు. గైడ్‌కు డ్రాఫ్టు ఇవ్వకుండా వివరాల కాగితం ఇవ్వండి: ఏ సమస్యను మీరే సొంతంగా పరిష్కరించారు, ఏ ఆలోచన మీది, ఏ జూనియర్‌కు ఏం నేర్పారు, ఏ తేదీకి లేఖ అందాలి. అది చూసి వాళ్ల మాటల్లో వాళ్లు రాస్తారు. అడిగేటప్పుడు కనీసం మూడు వారాల సమయం ఇవ్వండి. ఒక లేఖైనా మీ యూనివర్సిటీ బయటి మనిషిది ఉండాలి. కలిసి పేపరు రాసినవాళ్లు గానీ, కాన్ఫరెన్స్‌లో మీ పోస్టర్ దగ్గర అరగంట నిలబడి ప్రశ్నలడిగినవాళ్లు గానీ. అందుకే నాలుగో ఏడాదిలోనే ఒక మంచి కాన్ఫరెన్స్‌కు వెళ్లమని చెబుతుంటాను.

గైడ్‌తో సంబంధాలు చెడిపోయి లేఖ రాయనివాళ్లూ ఉంటారు. అలాంటప్పుడు డాక్టోరల్ కమిటీ సభ్యుల్లో ఒకరిని అడగండి. గైడ్ లేఖ ఎందుకు లేదో ఆ సభ్యుడే తన లేఖలో ఒక వాక్యంలో చెప్పేలా చూసుకోండి. మీరు మాత్రం ఇంటర్వ్యూలో గైడ్‌ను తిట్టకండి.

8. ఫెలోషిప్పులు

దేశంలో రెండు ముఖ్యం. నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌ను గతంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎస్‌ఈఆర్‌బీ ఇచ్చేది. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో ఎస్‌ఈఆర్‌బీ కలిసిపోయింది, ఇప్పుడు దరఖాస్తు అక్కడే. కాలం రెండేళ్లు. పీహెచ్‌డీ చేసిన సంస్థలోనే చేయడం కుదరదు, మీ గైడే మెంటార్ కాకూడదు. వయోపరిమితి ఉంది, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మహిళలు, దివ్యాంగులకు సడలింపు ఉంది. ప్రకటన వెలువడినప్పుడు గడువు తక్కువ ఉంటుంది కాబట్టి మెంటార్‌ను ముందే మాట్లాడి పెట్టుకోండి. రెండోది సీఎస్‌ఐఆర్ రీసెర్చ్ అసోసియేట్‌షిప్. 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం రీసెర్చ్ అసోసియేట్ మూడు స్థాయుల్లో నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలు, దాని పైన హెచ్‌ఆర్‌ఏ. ఇవి కాక ఐఐటీలు, ఐఐఎస్‌సీ సొంతంగా ఇన్‌స్టిట్యూట్ పోస్ట్‌డాక్‌లు ఇస్తాయి.

జర్మనీ హుంబోల్ట్ ఫెలోషిప్ మనవాళ్లకు బాగా అనుకూలమైనది. దేశాలవారీ కోటా లేదు, పీహెచ్‌డీ అయిన నాలుగేళ్ల లోపు ఉండాలి, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఇస్తారు. అక్కడి ప్రొఫెసర్ రాసే లేఖ బలంగా ఉండటం తప్పనిసరి. అందుకే ఆరో అడుగులోని మెయిల్ అంత ముఖ్యం.

మేరీ క్యూరీ పోస్ట్‌డాక్‌కు పీహెచ్‌డీ తర్వాత ఎనిమిదేళ్లు మించని పరిశోధన అనుభవం, గత 36 నెలల్లో వెళ్లబోయే దేశంలో 12 నెలలకు మించి ఉండకపోవడం షరతులు. పోటీ చాలా పెరిగింది, 2025లో 17 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పది పేజీల ప్రపోజల్‌లో సైన్సుతో పాటు శిక్షణ, ప్రభావం, పని ప్రణాళికకు మార్కులు విడివిడిగా ఉంటాయి. సైన్సు అద్భుతంగా రాసి మిగతాది చివరి రాత్రి నింపినవాళ్లు అక్కడే పోగొట్టుకుంటారు. చాలా యూనివర్సిటీలు వేసవిలో దీనికోసమే వర్క్‌షాపులు పెడతాయి, వెళ్లబోయే ప్రొఫెసర్‌ను అడిగి చేరండి.

జపాన్‌లో జేఎస్‌పీఎస్ స్టాండర్డ్ ఫెలోషిప్ ఒకటి నుంచి రెండేళ్లు, నెలకు 3,62,000 యెన్‌లు, విమాన ఛార్జీలు అదనం. దరఖాస్తు పెట్టేది అక్కడి ప్రొఫెసరే. అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ పోస్ట్‌డాక్ 8 నుంచి 24 నెలలు, పీహెచ్‌డీ వచ్చి నాలుగేళ్లు దాటకూడదు. నియమాలు ఏటా కొద్దిగా మారుతుంటాయి. ఆ ఏడాది ప్రకటన ఒకసారి మొత్తం చదివాకే మొదలుపెట్టండి.

9. ఇంటర్వ్యూ

సాధారణంగా ముప్పై, నలభై నిమిషాల ప్రెజెంటేషన్, తర్వాత గ్రూపు మొత్తం ప్రశ్నలు. థీసిస్ అంతా చెప్పాలని చూడకండి. రెండు పనులు తీసుకోండి. ఒక గ్రాఫు దగ్గర ఆగి, ఎర్రర్ బార్ ఎందుకంత ఉంది, ఆ పాయింటు గీతకు దూరంగా ఎందుకుంది అన్నది మీరే ముందు చెప్పండి. తెలియని ప్రశ్న వస్తే "అది నేను కొలవలేదు, కొలవాలంటే ఇలా చేస్తాను" అనడం మంచి జవాబు. ఊళ్లో కరెంటు, నెట్ నమ్మలేం అనుకుంటే ఇన్‌స్టిట్యూట్‌లోనే గది బుక్ చేసుకోండి.

తర్వాత మీరు ప్రశ్నలు అడగాలి. అడిగితే ఏమనుకుంటారో అన్న టెన్షన్ వద్దు, అడగనివాళ్లనే తేలిగ్గా చూస్తారు. ఒప్పందం ఎన్ని నెలలు, పొడిగింపు దేని మీద ఆధారపడుతుంది? గ్రాంటు ఎప్పుడు ముగుస్తుంది? నేను మొదలుపెట్టిన పనిని వెళ్లేటప్పుడు కొంతైనా తీసుకెళ్లవచ్చా? మొదటి పేరు ఎవరిదో ఎలా తేలుస్తారు? ఇంజినీరింగ్‌లో కంపెనీ డబ్బుతో నడిచే ప్రాజెక్టైతే, ఫలితాలను పేపర్లుగా అచ్చేసుకోవచ్చా లేదా అన్నది తప్పనిసరిగా అడగండి. రెండేళ్లు పనిచేసి ఒక్క పేపరూ వేసుకోలేక తిరిగొచ్చినవాళ్లున్నారు.

ఆఫర్ ఒప్పుకునే ముందు ఆ గ్రూపులో పనిచేసి వెళ్లిపోయిన ఒకరితో ఫోన్లో మాట్లాడండి. మెయిల్లో ఎవరూ నిజం రాయరు. "సెలవు అడిగితే ఎలా ఉంటారు? ప్రయోగం ఫెయిలైన వారం ఆయన ఎలా మాట్లాడతారు?" ఈ రెండు చాలు. అవతల మౌనం వినిపిస్తే అదే జవాబు.

10. ఆఫర్ వచ్చాక: జీతం, వీసా

కాంట్రాక్టుకూ స్టైపెండుకూ తేడా తెలుసుకోండి. జర్మనీలో ఉద్యోగ కాంట్రాక్టు సాధారణంగా అక్కడి ప్రభుత్వ జీతాల పట్టికలోని ఈ13 స్కేలులో ఉంటుంది. ఒంటరిగా ఉండేవాళ్లకు పన్ను, బీమాల కింద మూడో వంతుకు పైగా పోతుంది, కానీ పెన్షన్, నిరుద్యోగ బీమా అందులోనే ఉంటాయి. స్టైపెండులో కోత తక్కువ, ఆ భద్రతలు ఉండవు. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఎన్‌ఐహెచ్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ) స్కేలును కొలబద్దగా చూస్తాయి. 2024లో దాని మొదటి మెట్టు ఏడాదికి 61,008 డాలర్లు. అదే జీతంతో చిన్న యూనివర్సిటీ ఊళ్లో హాయిగా బతకవచ్చు, బోస్టన్‌లోనో బే ఏరియాలోనో కుటుంబంతో గడపడం కష్టం. ఒప్పుకునే ముందు అక్కడి అద్దె, పిల్లల డేకేర్ ఖర్చు చూసుకోండి.

అమెరికాకు చాలామంది జె-1 రీసెర్చ్ స్కాలర్ వీసా మీద వెళ్తారు. గరిష్ఠంగా అయిదేళ్లు. ఏడాదికే ముగించి వచ్చినా, మళ్లీ అదే కేటగిరీలో రావడానికి 24 నెలలు ఆగాలి. ఈ వీసా ముగిశాక తిరిగొచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన ఒకటి ఉంది. అది ఏ దేశాలవాళ్లకు, ఏ నైపుణ్యాలకు వర్తిస్తుందో చెప్పే జాబితాలో భారత్ ఉండేది, 2024 డిసెంబరులో ఆ జాబితా నుంచి భారత్‌ను తీసేశారు. అమెరికా ప్రభుత్వ డబ్బుతో వెళ్లేవాళ్లకు, అంటే ఫుల్‌బ్రైట్ లాంటి వాటికి, ఆ నిబంధన ఇప్పటికీ వర్తిస్తుంది. కుటుంబ సభ్యులకిచ్చే జె-2 వీసా మీద వెళ్లే భార్య లేదా భర్త అక్కడికి వెళ్లాక పని అనుమతికి దరఖాస్తు చేయవచ్చు.

బ్రిటన్‌కు వెళ్లే ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంజినీరింగ్ పరిశోధకుల్లో చాలామందికి వీసాకు ముందే ఏటాస్ అనే అనుమతి పత్రం కావాలి. ఫీజు లేదు, కానీ వారాలు పడుతుంది. అమెరికా కాన్సులేట్లలోనూ లేజర్లు, న్యూక్లియర్, ఏరోస్పేస్, అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్ అనగానే అదనపు పరిశీలనలో పెట్టడం మామూలే. మీ పరిశోధనను మామూలు మాటల్లో చెప్పే ఒక పేజీ, పేపర్ల జాబితా, ప్రొఫెసర్ లేఖ వెంట పెట్టుకోండి. పరిశీలనలో పడిందంటే దరఖాస్తు తిరస్కరించారని కాదు. ఆలస్యం గురించి ప్రొఫెసర్‌కు అదే రోజు చెప్పండి, చేరే తేదీ జరుపుతారు. వీసా చేతికి రాకముందు తిరిగి డబ్బు రాని టికెట్ కొనకండి, ఉన్న ఉద్యోగం మానేయకండి.

11. పాత ల్యాబ్ వదిలే ముందు

ల్యాబ్ నోటుబుక్కుల్లో ప్రతి శాంపిల్ నంబరు ఏ ఫైలుకు చెందినదో ఒక పట్టిక రాసి జూనియర్‌కు ఇవ్వండి. మీరే పెండింగ్ పేపరు రివ్యూలకు జవాబిచ్చేటప్పుడు దాని కోసం ఫోన్ చేస్తారు. మిగిలిన పేపర్లలో ఎవరి పేరు ఎక్కడన్నది గైడ్‌తో మాట్లాడి, ఒక మెయిల్‌లో రాతపూర్వకంగా పెట్టుకోండి. డేటా కాపీ తీసుకెళ్లడానికి అనుమతి అడగండి, అడక్కుండా హార్డ్‌డిస్కులో వేసుకుపోకండి. ప్రొవిజనల్, నో డ్యూస్, మార్కుల మెమోలు అన్నీ స్కాన్ చేసి క్లౌడ్‌లో ఒకటి, ఇంట్లో అమ్మానాన్నల దగ్గర ఒకటి ఉంచండి. ఒరిజినల్ కాన్వొకేషన్ డిగ్రీ కోసం ఎవరు వెళ్లాలో తమ్ముడికో చెల్లెలికో ఆథరైజేషన్ లెటర్ రాసిచ్చి వెళ్లండి.

ఇన్‌స్టిట్యూట్ ఈమెయిల్ కొన్ని నెలల్లో ఆపేస్తారు. పేపర్లలో సంప్రదించాల్సిన చిరునామాగా అదే ఉంటే, మీ పని చదివి మెయిల్ రాసినవాళ్లకు జవాబు వెళ్లదు. జర్నళ్లలో, ఆర్కిడ్‌లో, పేపర్లు ఉచితంగా ఉంచే ఆర్కైవ్ వెబ్‌సైటులో చిరునామాను మీ సొంత మెయిల్‌కు మార్చాకే ఐడీ కార్డు తిరిగి ఇవ్వండి.